కిటికీకి తడిచీర

మా ఆయన గంగులప్ప కుప్పంలో రాళ్లు కోసే ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ సంపాదనతో పుంగనూరులో ఇల్లు కట్టించాడు. ఇల్లు పూర్తయ్యేసరికి ఊపిరి చెడింది. రాతిపొడి లోపల పేరుకుపోయిందని, ఇక తగ్గేది కాదని మదనపల్లె డాక్టరు చెప్పాడు. పడకగదిలో దుమ్ము పట్టే గుడ్డలు వేలాడదీయొద్దన్నాడు.

అయినా ఆయన నన్ను ఆసుపత్రి నుంచి నేరుగా కర్టెన్ల అంగడికే లాక్కుపోయాడు. పెళ్లయినప్పటి నుంచీ మా కిటికీలకు నా పాత చీరలే గతి. సొంతింటికైనా కొత్తవి వెయ్యాలని ఆయన ఆశ. హాలుకు ఎర్రపూలది, వంటింటికి పసుపుది తీశాం. పడకగదికని మందపాటి నీలం గుడ్డ పట్టుకుని వదలడే!

"ఆ గదికేమీ వద్దు. డాక్టరు చెప్పింది ఇనలేదా?" అన్నాను.

"నా కిటికీ ఒకటే బోసిగా ఉండాల్నా? నేను ఊపిరందక ఎగబీలుస్తాంటే రోడ్డున పోయేటోళ్లంతా సూడాల్నా?" మధ్యమధ్యలో ఆగి ఆగి అన్నాడు. అంగడాయన తల తిప్పుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కొననివ్వలేదు.

కిటికీ మూస్తే గాలాడదు, తెరిస్తే ఊరి కళ్లన్నీ లోపలే. పలకరించడానికి గడప తొక్కని వాళ్లు కూడా కిటికీ దగ్గర మాత్రం నిలబడేవాళ్లు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒకరోజు మెల్లగా అన్నాడు. "ఫ్యాక్టరీలో మేము ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటాంటిమి. తడిగా ఉంటే దుమ్ము ఎగరదు. నీ చీరొకటి తడిపి కట్టు మే."

ఆ తడిగుడ్డే కాపాడేదైతే నీకీ గతి యాల పడుతుందని నోటిదాకా వచ్చింది. మింగేశాను. నా నీలం చీర తడిపి కిటికీకి కట్టాను. ఆయన ఇటు తిరిగి పడుకున్నాడు.

"నీ చీరలకు ఈ జన్మలో మోక్షం లేదు," అని నవ్వబోయి దగ్గాడు. అప్పటి నుంచి చీర ఆరినప్పుడల్లా తడపడమే నా పని. తడుపుతూ ఉన్నంతకాలం ఉంటాడని పిచ్చినమ్మకం పెట్టుకున్నాను.

ఈ పొద్దున లేచి చూస్తే చీర ఇంకా తడిగానే ఉంది. ఆయనలో ఊపిరి లేదు.

జనం వచ్చారు. మధ్యాహ్నానికి ఎండ కాసి చీర ఆరింది. కిటికీ బయట తలలు కదులుతున్నాయి. మా ఆడబిడ్డ సుభద్రమ్మ ముడి విప్పబోయింది.

"తీసేస్తాను హేమా. ఇంగ దుమ్ము తగిలేది ఎవురికి?"

"వొద్దు," అన్నాను. "ఎవురూ సూడగూడదన్నాడు."

బకెట్టు తెచ్చి, చీరను మళ్లీ తడిపి కట్టాను.