గౌరవం మీద చుక్క

హ్రుబెష్ భూతద్దాన్ని చొక్కా అంచుతో మూడోసారి తుడిచాడు. చుక్క పోలేదు.

ప్రాగ్‌లోని పాత పత్రాల భవనంలో ముప్పై రెండేళ్ళుగా ఆయన బల్ల ఇదే. నల్లకోటు మోచేతుల దగ్గర అరిగి మెరుస్తోంది. చూపుడు వేలి మీద సిరా మరక పుట్టుమచ్చలా నిలిచిపోయింది. చరిత్రలో డాక్టరు పట్టా ఉన్నా పగలంతా నకళ్ళు రాసే ఉద్యోగం, మిగిలిన వేళ చెక్ జాతి చరిత్ర. రెండు సంపుటాలు వచ్చాయి. మూడోది ఈ మధ్యాహ్నమే అచ్చుయంత్రం ఎక్కాలి.

దాని ప్రాణమంతా ఒక్క పత్రంలో ఉంది. ఆరు వందల ఏళ్ళ కిందటే చెక్ ప్రజలు సొంత భాషలో న్యాయం రాసుకున్నారని సాక్ష్యం. ‘మీకు భాషెక్కడిది?’ అని వెక్కిరించే జర్మన్ పండితులకు జవాబు. ఇంతకాలం నకలు చూసి రాశాడు. అసలు తోలుపత్రం ఒక కోట నుంచి ఇవాళే చేతికొచ్చింది.

అందులో ‘చెస్త్’ అనే మాట. గౌరవం అని అర్థం. మొదటి అక్షరం నెత్తిన చుక్క.

ఆరు వందల ఏళ్ళ కిందట చెక్ రాతలో చుక్క లేదు. ‘చ’ పలకడానికి రెండక్షరాలు కలిపి రాసేవారు. చుక్క మరో నూట యాభై ఏళ్ళకు గాని రాలేదు. దొంగపత్రం పుట్టించినవాడు తోలు, సిరా సరిచూసుకున్నాడు, తన చేతి అలవాటును మరిచాడు.

అచ్చు మేస్త్రీ క్వాపిల్ రొప్పుతూ వచ్చాడు.

“డాక్టరు గారూ, యంత్రం ఆకలితో ఉంది. కాగితాలివ్వండి.”

“నాలుగో అధ్యాయం తీసెయ్.”

విషయం విని క్వాపిల్ నెత్తి కొట్టుకున్నాడు. “చుక్క కోసం నలభై పేజీలా! ఈగ రెట్ట అనుకోండి!”

“ఈగకి వ్యాకరణం రాదయ్యా. ఇది ప్రతి ‘చ’ మీదా వేసింది.”

“జర్మన్ల ఇంట పండగే ఇక!”

“వాళ్ళు పట్టుకుంటే పండగ. మనమే పట్టుకుంటే వాళ్ళకేం మిగులుతుంది?”

“మనవాళ్ళు మిమ్మల్ని ద్రోహి అంటారండీ.”

“అననీ. కూర్చో, ఒక పుట రాసిస్తా.”

ఆయన కలం సిరాలో ముంచి రాశాడు. ‘ఈ జాతికి అబద్ధపు తాత అక్కర్లేదు, నిజమైన తాతలు చాలామంది ఉన్నారు. పొరబడ్డది నేను.’ కింద సంతకం.

క్వాపిల్ చదివి, టోపీ తీసి తల వంచి వెళ్ళాడు. ఆ పుటను ఎవరికీ ఇవ్వక తన చేత్తోనే అచ్చక్షరాలు కూర్చాడు.

మూడు గంటలకు తడి ఆరని పుట పట్టుకొని తిరిగొచ్చాడు. మధ్యాహ్న భోజనానికి బల్ల మీద పెట్టుకున్న షాజీరా నల్లరొట్టె ముట్టినట్టు లేదు. హ్రుబెష్ గడ్డం గుండె మీద ఆనింది.

“డాక్టరు గారూ, చూడండి. ఒక్క తప్పు లేదు.”

మరోసారి పిలిచాడు. చెయ్యి తాకాడు, చల్లగా ఉంది. తర్వాత పుటను మెల్లగా ఆ సిరా వేలి కింద ఉంచాడు.

పక్కన తోలుపత్రం మీద భూతద్దం అలాగే ఉంది. దాని కింద చుక్క, శనగగింజంత.