గోఫ్‌లో మిగిలిన దుంగ

నేను ఒక జామాయిల్ దుంగను. అడవిలో ఉన్నప్పుడు మోసింది నా కొమ్మలనే. నరికి, తొక్క ఒలిచి, బొగ్గుబాయిలోకి దించాక కొండంత బరువు నా నెత్తిన పెట్టారు. మా తల నరికి, వాళ్ల తలలు కాయమంటారు. మనుషుల తెలివి అలాంటిది.

ఇనుప స్తంభాలు ఎన్ని వచ్చినా ఇక్కడివాళ్లు నాలాంటి కట్టెనే నమ్ముతారు. ఇనుము చెప్పాపెట్టకుండా జారుతుంది. కట్టె అయితే బరువు మించగానే కిర్రుమంటుంది. దాన్ని ‘కట్టె పలికింది’ అంటారు. పలికితే పరుగే. బాయిలో దుంగలు నిలబెట్టే పోశం రోజూ నన్ను సుత్తితో కొట్టి, చప్పుడు వినేవాడు. ఆ పని అతనికి నేర్పింది అక్క మొగుడు ఓదెలు.

ఓదెలు ఇప్పుడు లేడు. బొగ్గు తవ్వుతూ లోపలికి పోయేటప్పుడు పైకప్పు ఆనడానికి అక్కడక్కడ బొగ్గునే స్తంభాలుగా వదులుతారు. ఆఖరికి ఆశ ఆగదు. వెనక్కి వస్తూ ఆ స్తంభాలనూ తవ్వుకుని, దుంగలు లాగేసి, ఖాళీ అయిన చోటును కూలనిస్తారు. దాన్నే గోఫ్ అంటారు. పోయిన నెల అది ముందే కూలి ఓదెలును మింగింది. శవం దొరకలేదు. అందుకే పోశం అక్క ఇంకా బొట్టు తీయలేదు.

ఆ రోజు నన్ను లాగేయడానికి పోశం గొలుసు తగిలిస్తున్నాడు. గోఫ్ లోపల టక్... టక్... మని చప్పుడైంది. ఎవరో కట్టెను కొట్టి, ఆగి, వింటున్నట్టుంది.

"బావా!" పోశం గొలుసు వదిలేశాడు.

"అది బండ పగులుడురా, ఎనుకకు రా!" అని వాళ్ల పని చూసే సర్దారు కొమురయ్య కేక వేశాడు.

"కాదు కొమురన్నా, మా బావ కొట్టుడు నాకు తెల్వదా? బతికే ఉన్నడు. ఇడిసిపెట్టి పోతే అక్కకేం చెప్పాలె?" అంటూ పోశం నన్ను దాటి చీకట్లోకి అడుగు వేశాడు.

నేను పలకవలసినంత బరువు ఇంకా పడలేదు. అయినా పలికాను. నిలువునా చీలి మరీ అరిచాను. పోశం మనసు వినకపోయినా కాళ్లు విన్నాయి. వెనక్కి పరుగెత్తాడు. వెంటనే పైకప్పు కొండలా కూలింది.

పోశం బతికాడు. వాళ్లక్క ఈపాటికి నమ్మకం వదిలేసుకుని ఉంటుంది. నేను మంచిపనే చేశాననుకున్నాను.

బండ ఎప్పుడో సర్దుకుంది. నా చుట్టూ పగలడానికి, కదలడానికి ఇక ఏమీ లేదు. అయినా ఈ చీకట్లో ఎవరో నన్ను టక్... టక్... మని కొట్టి, ఆగి, విన్నారు; ఇప్పుడు ఒక చెయ్యి నా చీలికను తడుముతోంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.