ఖాళీగా ఉన్న చెవి

ఈ ఉదయం తొమ్మిదింటికి నా కుడిచెయ్యిని కోడిగుడ్ల డ్యూటీకి పంపిస్తాను. భుజం దగ్గర రెండు బొత్తాలు విప్పితే అదే ఊడివస్తుంది. మధ్యాహ్న భోజనానికి వచ్చిన గుడ్లను ఒక్కొక్కటే నిమిరి, పగిలినవి పక్కన పెడుతుంది. నొప్పేమీ ఉండదు.

నేను ప్రభుత్వ బడిలో మూడో తరగతి టీచర్ని. హెడ్మాస్టరు సన్యాసినాయుడుగారు గుమ్మంలో నిలబడి ఫోనులో వచ్చిన ఉత్తర్వులు చదువుతారు. అటెండెన్సు పూర్తికాకముందే కాళ్లు ఇంటింటి సర్వేకి బయలుదేరుతాయి. ఎండ ముదరకముందే వచ్చేయమంటాను. వినిపించుకోవు, మొండిఘటాలు. కళ్లు మరుగుదొడ్ల ఫోటోలు తీయడానికి వెళతాయి. ఎడమ చెవి పోయిన వారం శిక్షణ తరగతులకు వెళ్లి ఇంకా రానేలేదు.

ఇవాళ నాకు కావలసింది ఒక్క కుడి చెవే. రెండేళ్లుగా పుస్తకం తెరిస్తే నోరు విప్పని తనూజ నిన్న నా కొంగు పట్టుకుని, "రేపు సదువుతాను మేడం. మీరొక్కరే ఇనాల," అంది. ఆ మాట మీద రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

"మేడం, నోరు కూడా కావాలటండి," అంటారు హెడ్మాస్టరు. "పిల్లల్ని బడిలో చేర్పించమని ర్యాలీ."

"తనూజా, నువ్వు చదువు. నేను వింటాను," అని చెప్పి నోరు ఇచ్చేస్తాను. కాసేపటికి వీధి చివర నుంచి నా గొంతు నినాదాలిస్తూ వినిపిస్తుంది. పాపం, అప్పుడే బొంగురుపోయింది.

మిగతా ఒళ్లంతా తలో డ్యూటీకి పోగా, బెంచీ మీద కుడి చెవి మిగులుతుంది. అంటే నేను మిగులుతాను. తనూజ నా పక్కన కూర్చుని పేజీ తిప్పుతుంది. ఊపిరి బిగబట్టడం కూడా నాకు వినిపిస్తోంది.

సన్యాసినాయుడుగారు చెడ్డవారు కారు. ప్రొఫార్మాలో ఏ గడీ ఖాళీగా వదలరు, అంతే. ఇవాళ ఏ అవయవం ఏ పనిలో ఉందో రాసి పంపాలి. పాఠం అప్పజెబితే వినడానికి అందులో కాలమ్ లేదు. అందుకని నా చెవికి ఎదురుగా 'ఖాళీ' అని రాసి పంపేశారు. పదకొండింటికి జవాబు వచ్చింది.

"చెవి ఇచ్చేయండి మేడం. టెలికాన్ఫరెన్సు మొదలైపోయింది. పైవాళ్లు మాటాడతారట, మనం ఇనాలట."

నాకు కోపం ముంచుకొస్తుంది. కాదనడానికి నోరు లేదు, తోసెయ్యడానికి చెయ్యి లేదు. ఆయన వేళ్లు నా అంచు పట్టుకుంటాయి. ఈ పిల్ల ఇవాళ చదవకపోతే ఇంకెప్పుడూ చదవదు. అది నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

అప్పుడు, ఎప్పుడు దూరిందో, తనూజ గొంతు నా లోపలి నుంచి వస్తుంది.

"ఖాళీ లేదు సార్. నానున్నాను."

ఆయన వంగి చూస్తారు. "ఎంతసేపుంటావమ్మా?"

"ఇంకా మొదలెట్టనేదు సార్."

అది న్యాయమైన మాట. ఆయన వేళ్లు తీసేస్తారు.

తనూజ నా లోపల బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. "వా... న. వాన వచ్చింది," అని చదువుతుంది. నాకు కళ్లు లేవు గానీ ఏడుపు వస్తోంది. మిగతా పిల్లలు బయట చెప్పులు విడుస్తున్న చప్పుడు. ఒకరి వెనక ఒకరు లోపలికి వచ్చి, ఎవరూ నవ్వకుండా, సర్దుకుని కూర్చుంటారు.

"ఏ... రు నిం... డింది," అంటుంది తనూజ. నీళ్లు చల్లగా వాళ్ల మోకాళ్ల దాకా వస్తాయి. ఎవరూ లేవరు. పిల్లలు పుస్తకాలు తలల మీద పెట్టుకుంటారు. ఎక్కడి నుంచో ఒక చేప వచ్చి తనూజ ఒళ్లో పడుకుని కళ్లు తెరిచే నిద్రపోతుంది. అది లేవకూడదని తనూజ మూడో లైను ఇంకా మెల్లగా, ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి చదువుతోంది.