ఆరు గళ్ళలో ఒకే అంకె

నాలుగు అంకెను ఇంత అందంగా ఎవరూ ఆరుసార్లు రాయరు, గంటకోసారి వచ్చి నిలబడి రాసేవాళ్ళయితే అసలే రాయరు, ఒకసారి పెన్ను పలకదు, ఒకసారి చేతికి తడి ఉంటుంది, ఒకసారి ఎవరో పిలిస్తే గీత సగంలో ఆగిపోతుంది, ఇక్కడ మాత్రం, గంటగంటకీ చల్లదనం చూసి రాయాల్సిన ఈ కాగితంలో, పొద్దున ఆరింటి నుంచి పదకొండింటి దాకా ఆరు గళ్ళలో ఆరు నాలుగులు, ఒకే పెన్ను, ఒకే వాలు, ప్రార్థనకి వరసలో నిలబెట్టిన పిల్లల్లాగా, నాలుగు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు, నాలుగు డిగ్రీలు, గోడకున్న థర్మామీటరేమో పదకొండు చూపిస్తోంది, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుందామనుకుంటే ఇక్కడ కొంగు లేదు, కంపెనీవాళ్ళిచ్చిన చొక్కా, దాని అంచుతోనే తుడుచుకుని మళ్ళీ చూశాను, పదకొండే, ఈ కోల్డ్‌రూంలో ఐదు దాటకూడదు, నా వెనక ఇనప అరల మీద మధ్యాహ్నానికి వేపాల్సిన కోడిమాంసం పెట్టెలు నా భుజం ఎత్తున ఉన్నాయి, పన్నెండింటికి జనం మొదలవుతారు, ఇంకో ఇరవై నిమిషాలు.

నేను వచ్చేసరికి తలుపు వేసినట్టే ఉంది కానీ పడలేదు, కింద అట్టముక్క ఒకటి ఇరుక్కుని వేలు పట్టేంత సందు, పొద్దున సరుకు దింపినప్పటి నుంచీ అలాగే ఉందో, ఇందాకే అలా అయిందో చెప్పేవాళ్ళు లేరు, చెప్పాల్సింది ఈ కాగితం, కాగితం నాలుగు అంటోంది, ఇరవై ఆరేళ్ళు సైన్సు చెప్పినదాన్ని, ప్రయోగం చేయకుండా ఇంట్లో కూర్చుని వేసుకొచ్చిన రీడింగు ఎలా ఉంటుందో నాకెవరూ చెప్పక్కర్లేదు, చేసినవాడి అంకెలు కాస్త అటూ ఇటూ ఊగుతాయి, చేయనివాడి అంకెలే బుద్ధిగా ఉంటాయి, మీ లోలకం మీకంటే క్రమశిక్షణ గలదిరా అని నేనంటే తరగతంతా నవ్వేది, రాసినవాడూ నవ్వేవాడు, నవ్వుతూనే చెవులు ఎర్రబడేవి.

ఇవాళ శిక్షణలో ఆఖరిరోజు, మూడు వారాలు నూనె దగ్గరా, కౌంటరు దగ్గరా, గిన్నెలు కడిగే తొట్టి దగ్గరా నిలబడ్డాను, సాయంత్రం ఐదింటికి కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెడితే ఈ చికెన్ షాపు నాది, పెట్టకపోతే బడి ఇంకా నాదే, ఎందుకంటే పెద్దమేడమ్ నా రాజీనామాని పైకి పంపలేదు, సొరుగులో పెట్టుకున్నారు, ఇవాళ బడి మూసేదాకా ఉంచుతాను, మనసు మారితే ఒక్క ఫోన్ చెయ్యి, చించి బుట్టలో పారేస్తాను అన్నారు, ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గించారు, మా ఆయన పోయినప్పటి నుంచి నాతో అందరూ గొంతు తగ్గించే మాట్లాడతారు, నేనేదో నిద్రపోతున్న బిడ్డని ఎత్తుకుని తిరుగుతున్నట్టు, మా ఆడపడుచు ఒక్కతే తగ్గించలేదు, ఏంటి వదినా ఇది, యాభై రెండేళ్ళొచ్చాక నెత్తిన టోపీ పెట్టుకుని ఏం కావాలండీ అని నిలబడతావా, నీ దగ్గర చదివిన పిల్లలు వచ్చి చూస్తే నవ్వరూ అంది, నవ్వనీవే, ఇరవై ఆరేళ్ళుగా నేను బోర్డు వైపు తిరిగినప్పుడల్లా నవ్వుతూనే ఉన్నారు, ఇప్పుడు ఎదురుగా నవ్వుతారు అన్నాను, అది నవ్వింది, తర్వాత ఏడ్చింది, అన్నయ్యుంటే నిన్నిలా పోనిచ్చేవాడు కాదు అంది.

అందరికీ చెప్పిన కారణం మార్పు కావాలని, అబద్ధం కాదు, మొత్తం నిజమూ కాదు, ఇక్కడ నాకు నచ్చింది ఆ లావుపాటి పుస్తకం, కంపెనీవాళ్ళది, రొట్టె ఎన్ని సెకన్లు కాల్చాలో, మాంసం మీద ఉల్లిముక్కలు ఎన్ని పెట్టాలో, వచ్చినవాళ్ళతో మొదటి మాట ఏమనాలో, నేల ఏ మూల నుంచి ఏ మూలకి తుడవాలో అన్నీ అందులో ఉన్నాయి, ఒక మనిషి తనకై తాను తేల్చుకోవలసింది ఏదీ మిగల్చలేదు, మొదటి వారం రాత్రులు దాన్ని చదువుతుంటే నాకు, హాయి అనను, ఆ మాట పెద్దది, బరువు దించుకున్నట్టు ఉండేది, ఇందాక ఈ తలుపు సంగతి చూసి వెంటనే ఆ పుస్తకమే తెరిచాను, ఐదు డిగ్రీలు దాటి నాలుగు గంటలు గడిచిన మాంసం పారేయాలి అని ఉంది, బాగానే ఉంది, దాని కిందే ఇంకో వాక్యం, ఎంతసేపు గడిచిందో తెలియనప్పుడు నిర్ణయం యజమానిది, అంత లావు పుస్తకంలో నాకు ఇవాళ కావలసిన పేజీలోనే వాళ్ళు తప్పుకున్నారు.

టీచరమ్మా, లోపలే ఉన్నారా, నూనె కాగింది, నాలుగు పెట్టెలు తెచ్చుకుంటాను, అంటూ తలుపు తీసింది షిఫ్టు చూసే అమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయి, మూడు వారాలుగా నాకు పని నేర్పింది తనే, నేను మొదటిరోజు బుట్ట నూనెలోంచి పైకెత్తలేక నిలబడిపోతే, మీరు మా చేత గోడకుర్చీ వేయించేవాళ్ళు కదమ్మా, ఇప్పుడు మా వంతు, అని వేళాకోళమాడి పక్కన నిలబడి మోచేయి పట్టుకుంది, తను ఏ బడిలో చదివిందో నాకు తెలియదు, టీచర్లందరూ ఒకటే తనకి, నేను కాగితం చూపించి ఇవి చూసి రాశావా అన్నాను, చూశానమ్మా అంది, ఎన్నిసార్లు చూశావు అన్నాను, పెదవులు కదిలాయి, లెక్కపెడుతున్నట్టు, తర్వాత చూపు థర్మామీటరు మీదికి పోయింది, అయ్యో అంది, మెల్లగా, తనలో తను, తర్వాత ఒక్కసారిగా మాటలన్నీ వచ్చేశాయి, పొద్దున ఇద్దరు రాలేదమ్మా, సరుకు నేనే దింపుకున్నా, నూనె నేనే మార్చా, ఇంటి దగ్గర పాపకి ఒళ్ళు బాగోలేక మా అత్త రెండుసార్లు ఫోన్, ఇటు రావడమే కుదర్లేదు, ఇందాక పదకొండింటికి బయటే నిలబడి ఒకేసారి వేసేశా, రోజూ నాలుగే కదమ్మా ఉండేది, ఎప్పుడైనా ఐదు చూశామా, అని పెట్టె మీద అరచెయ్యి పెట్టి, చూడండి చల్లగానే ఉంది, నూనెలో పడ్డాక అంతా ఒకటే, ఎవరికి తెలుస్తుందమ్మా.

ఎవరికీ తెలియదు, నిజమే, నాలుగు నెలలుగా ఎవరికీ తెలియలేదు, మా ఆయన జ్వరం చూసి రాసిన నీలం అట్ట పుస్తకం, పొడుగ్గా గీతలు నేనే గీశాను, తేదీ, వేళ, జ్వరం, మందు, డాక్టరు దాన్ని చూసి, ఎంత బాగా రాశారండీ, మా నర్సులకి చూపించాలి, టీచరుగారి రికార్డంటే ఇదీ అన్నారు, ఆ క్యాన్సరు సూదిమందులు పడ్డాక ఒంట్లో తట్టుకునే శక్తి ఉండదు, నూరు దాటితే చాలు, ఏ వేళైనా సరే వెంటనే తీసుకొచ్చేయాలి, రేపు చూద్దామని ఆగొద్దు అని కూడా ఆయనే చెప్పారు, నేను తల ఊపాను, ఆ ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి మా ఆయన నోట్లోంచి థర్మామీటరు తీసి చూస్తే నూటొకటి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూశాను, నూటొకటే, ఎంతుంది అన్నారు వెనక నుంచి, తొంభై తొమ్మిది పాయింట్ నాలుగు అన్నాను, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు, ఆ పాయింట్ నాలుగు మాత్రం నాకు బాగా తెలుసు, ఉత్త తొంభై తొమ్మిదంటే నమ్మరని వేసింది, నా దగ్గర మోసం చేయబోయిన పిల్లలందరికంటే నేను తెలివైనదాన్ని, అదే గడిలో అదే రాశాను, చేతిరాత వణకలేదు, ఆ సాయంత్రం ఆయన బాల్కనీలో కూర్చుని పేపరు చదివారు, ఎదురింటివాళ్ళ కుక్క గురించి ఏదో అని నవ్వారు, ఆ ఒక్క సాయంత్రం కోసం రాశానని నాకు నేను చెప్పుకున్నాను, పాపం మళ్ళీ ఆసుపత్రి అంటే భయపడిపోతారు, ఒక్కరోజు భయం లేకుండా ఉండనీ అని, సోమవారం తెల్లారేసరికి పళ్ళు కొట్టుకునేంత చలి, తొమ్మిది రోజులు ఐసీయూ అద్దం వెనక, పదో రోజు ఆయన పోయాక డాక్టరు నా పుస్తకం తిరగేసి, చూడండమ్మా, ఆదివారం దాకా బాగానే ఉన్నారు, ఒక్కసారిగా తిరగబడింది, ఎవరైనా ఏం చేయగలరు, మీరు చేయాల్సినదంతా చేశారు అన్నారు, నేను రాసిన అంకె సాక్ష్యంగా నన్ను వదిలేశారు.

నెల తర్వాత బడికి వెళ్ళాను, బల్ల మీద పదో తరగతి రికార్డులు నలభై రెండు, మూడోదో నాలుగోదో తీస్తే లోలకం రీడింగులు, వేసుకొచ్చినవి, చూడగానే తెలిసిపోయింది, ఎర్రపెన్ను తీసి మళ్ళీ చేసి తీసుకురా అని రాయబోయాను, మ దగ్గర చెయ్యి ఆగింది, ఎవరు రాస్తున్నారు ఈ మాట, ఎవరికి, అనిపించింది, ఆ మ ని కొట్టేసి నలభై రెండింటి మీదా సంతకాలు పెట్టేశాను, మంచివీ చెడ్డవీ చూడకుండా, ఆ రీడింగులు వేసుకొచ్చిన పిల్ల మర్నాడు పుస్తకం తీసుకుని నా వంక ఒక రకంగా చూసింది, దొరికిపోతానని సిద్ధపడి వచ్చినదాన్ని వదిలేస్తే ఎలా చూస్తారో అలా, వారం తిరక్కుండా రాజీనామా రాశాను, ఇదీ కారణం, ఆడపడుచుకి చెప్పనిది, పెద్దమేడమ్‌కి చెప్పనిది, నా అంకెని ఎవరూ నమ్మక్కర్లేని చోటు కోసం వచ్చాను, వచ్చి చూస్తే అది కూడా గళ్ళ కాగితమే.

ఇంతలో కంపెనీ ఏరియా మేనేజరు వచ్చేశాడు, మెడలో కార్డు, చేతిలో నాకు మార్కులు వేసే పలక, మా తమ్ముడి వయసు, మంచివాడే, ఏంటి మేడమ్, కోల్డ్‌రూంలో మీటింగా, నాకు చెప్పలేదే అన్నాడు, పదకొండుంది అన్నాను, థర్మామీటరు చూశాడు, కాగితం చూశాడు, అమ్మాయిని చూశాడు, ఎంతసేపయింది అన్నాడు, తెలియదు అన్నాను, తెలియకపోవడమేంటి, చార్టులో పదకొండింటికి నాలుగని ఉంది కదా, అంటే గట్టిగా ముప్పావుగంట, వేసేయొచ్చు, చార్టు చార్టే మేడమ్, రేపు ఎవరైనా అడిగినా మనం చూపించేది అదే, అన్నాడు, మాటలు అచ్చం ఆ తెల్లకోటు డాక్టరువి, చూడండమ్మా, ఆదివారం దాకా బాగానే ఉన్నారు, ఒప్పుకుంటే చాలు, ఎంత సులువో నాకు తెలుసు, తల ఊపడం అంత, బయట ఎవరో చిన్నపిల్ల కౌంటరు అద్దం మీద వేళ్ళతో తాళం వేస్తోంది, వాళ్ళమ్మ ఆగవే, తీసుకొస్తారు అంటోంది, ఎవరు తీసుకొస్తారు, ఏం తీసుకొస్తారు, ఆవిడకి తెలియదు, నమ్మింది.

చార్టు తప్పు అన్నాను, నా గొంతు తరగతిలో లాగా వచ్చింది, చివరి బెంచీకి వినపడేలా, ఈ పెట్టెలన్నీ పారేస్తున్నాం, ఇవాళ మధ్యాహ్నం మాంసం లేదు, బంగాళాదుంపలు, రొట్టె, కూరగాయలవి ఉన్నాయి, అవి అమ్ముదాం అన్నాను, అతను పలక కిందికి దించి, మేడమ్, ఆలోచించండి, ఆఖరిరోజు ఇలా చేస్తే మీ పేపరు మీద నేనేం రాయాలి అన్నాడు, జరిగింది రాయండి అన్నాను, మరి ఈవిడ సంగతి, రాయకుండా ఉండలేను కదా అన్నాడు అమ్మాయి వైపు చూస్తూ, అది కూడా రాయండి, అయిదింటికి నేను సంతకం పెడతాను, పెట్టాక షాపు నాది, తను నా దగ్గర పని చేస్తుంది, గంటగంటకీ ఇక్కడికి వచ్చి చూసి రాస్తుంది, కుదరకపోతే గడి ఖాళీగా వదిలేస్తుంది, ఖాళీ గడికి నేను తిట్టను, అన్నాను, అన్నాకే తెలిసింది పెడతానని, పెద్దమేడమ్‌కి ఫోన్ చేయనని, పెన్ను తీసి పన్నెండింటి గడిలో పదకొండు అని రాశాను, ఒకటి పక్కన ఒకటి, రెండోది కాస్త వంకరగా వచ్చింది, కింద పేరు, ఆ ఆదివారం తర్వాత చూసింది చూసినట్టు రాసిన అంకె ఇదొక్కటే, ఇది బడిలో రాయలేకపోయాను, ఇక్కడ రాశాను, అందుకు ఇక్కడే ఉంటాను, అంతకంటే పెద్ద కారణం నా దగ్గర లేదు.

మిగిలిన ఆరూ నువ్వే కొట్టెయ్యి అని పెన్ను అమ్మాయికిచ్చాను, తుడవకు, దిద్దకు, ఒక్క గీత, పక్కన చూడలేదు అని రాయి, తను పెన్ను పట్టుకుని నిలబడింది, భయమేస్తోందమ్మా అంది, దాచుకోకుండా, చిన్నపిల్లలా, భయమేస్తోంది, ఇంత మామూలు మాట, ఎవరి నోటి నుంచైనా వస్తుంది, ఆయన నోటి నుంచి ఎప్పుడు విన్నాను, వెతుక్కుంటున్నాను, ఆ ఆదివారంలో వెతుకుతున్నాను, దొరకడం లేదు, దొరికింది వేరే, నూనెగిన్నె చప్పుడు మధ్య, ఇన్నాళ్ళూ పక్కకి నెట్టి ఉంచింది, ఆయన స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకున్నారు, ఆసుపత్రి సంచి తనే సర్దుకున్నారు, తువ్వాలు, కళ్ళద్దాల పెట్టె, పాత రిపోర్టులు, వీధి తలుపు దగ్గర పెట్టి, చెప్పులు కూడా తీసి పక్కన ఉంచి, వచ్చి మంచం మీద కూర్చుని నోరు తెరిచారు, అప్పుడు పెట్టాను థర్మామీటరు, తన ఒంట్లో వేడి తనకి తెలియదా, ఎంతుంది అని అడిగింది తెలుసుకోవడానికి కాదు, బయల్దేరదామని నేనంటానని, తొంభై తొమ్మిది పాయింట్ నాలుగు అన్నాను, నా మొహంలోకి చూశారు, చాలాసేపు, నేను ఆ పుస్తకంలోకే చూస్తున్నాను, సరే అయితే అన్నారు, లేచి వెళ్ళి ఆ సంచి తెచ్చి మంచం కిందికి తోసేశారు, చప్పుడు కాకుండా, భయపడింది ఆయన కాదు, నేను, ఆ సంగతి ఆయనకి తెలుసు.