వాగుడుకాయ ప్రోగ్రామర్

నేను ఒక ప్రోగ్రామర్‌ని. ఈ మాట వినగానే మెడలో ఐడీ కార్డు, చేతిలో కాఫీ కప్పు, గచ్చిబౌలిలో ఫ్లాటు ఊహించుకునేరు! అవేవీ నాకు లేవు. అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగున్న పచ్చ బోర్డు ముక్కని నేను. ఒక చివర కంప్యూటర్లో దూర్చే మూతి, రెండో చివర తీగల తోక. టీవీ రిమోట్లలో, వాషింగ్ మెషీన్లలో మైక్రోకంట్రోలర్ అని ఒక నల్ల చిప్పు ఉంటుంది. పుట్టుకతో దానికేమీ తెలియదు. మనిషి కంప్యూటర్లో రాసిన పనిని దాని చెవిలో ఊదడమే నా ఉద్యోగం. ఒకసారి ఊదాక అది ఆ పనిని మరిచిపోదు, నన్ను మాత్రం అక్కడికక్కడే మరిచిపోతుంది. పెళ్ళయ్యాక పెళ్ళిళ్ళ పేరయ్యకి దక్కే మర్యాదే నాకూ దక్కుతుంది.

పుట్టింది చైనాలో. నా నమూనా గీసిన పెద్దమనిషి దాన్ని లోకానికి ఉచితంగా వదిలేశాడట. దాంతో యంత్రం ఉన్న ప్రతివాడూ పెనం మీద అట్లు పోసినట్టు మమ్మల్ని పోసిపారేశాడు. మా ఫ్యాక్టరీవాళ్ళు మరీ పిసినారులు. నా వేగం తగ్గించడానికి ఒకచోట రెండు పిన్నులు బిగించాలి. అవి దండగ అనుకుని ఉత్త కన్నాలు వదిలేశారు. పైగా నా చెవిలో ఊదిన పని కూడా పాతది, అందుకే పనిలోకి దిగిన ప్రతిసారీ కంప్యూటర్ తెర మీద నా గురించి ఒక హెచ్చరిక పడుతుంది, 'వేగం మార్చుకోవడం ఈ పరికరానికి చేతకాదు' అని. పెళ్ళిచూపులకు వచ్చి తన గుర్రు సంగతి తనే చాటుకునే వరుణ్ణి ఎక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

ఇలాంటి నన్ను ఏరికోరి తెచ్చుకున్నవాడు కాకినాడలో తోలేటి శేషగిరి. పోర్టులో సరుకుల గుమాస్తా. తీరిక దొరికితే చాలు, సోల్డరింగ్ పొగ పీలుస్తూ కూర్చుంటాడు. ఆయన ఇంట్లో అప్పటికే ఒక గొడవ నడుస్తోంది. తల్లి రాజ్యలక్ష్మమ్మగారికి చెవులు మందగించాయి. వంట మాత్రం ఆవిడదే. పొద్దున్నే బడికి పరిగెత్తే టీచరమ్మ కోడలు మందాకినికి ఆ చేతి పప్పే క్యారేజీలోకి. కుక్కర్ విజిల్ వినపడక ఆవిడ పప్పు మాడ్చడం మొదలైంది. ఒకరోజు సేఫ్టీ వాల్వు ఎగిరిపోయి పప్పు వెళ్ళి పైకప్పుకి అంటుకుంది. శేషగిరి హడలిపోయి, సోమవారం నుంచి వరహాలమ్మ అనే వంటమనిషి వస్తుందనీ, అమ్మ ఇక వంటింటి గడప తొక్కొద్దనీ తీర్మానించేశాడు. ఆవిడ తన పోపులపెట్టె తుడిచి కోడలి చేతికిచ్చి, వెళ్ళి వసారాలో కూర్చుంది. ఆ కూర్చోవడం చూడలేక శేషగిరే ఇంకో ఆలోచన చేశాడు. చిన్న మైకు కుక్కర్ విజిల్ వినాలి, చిప్పు లెక్కపెట్టాలి, విజిల్‌కొక ఎర్ర దీపం వెలగాలి. సోమవారానికల్లా ఆ దీపాలు వెలిగితే వంటిల్లు అమ్మదే.

చిప్పు దొరికింది. దాని చెవిలో ఊదడానికి నాలాంటిది కావాలి. ఇక్కడే మా వాడు మునిగిపోయాడు. కంపెనీవాళ్ళ అసలు ప్రోగ్రామర్ కొంటే దిగుల్లేదు గానీ ఖరీదు చుక్కలనంటుతోంది. వేరే బోర్డునే ప్రోగ్రామర్‌గా వాడుకోవచ్చని ఒకాయన వీడియోలో సెలవిచ్చాడు. ఇంటర్నెట్‌లో నన్ను ఒకడు పొగిడాడు, ఒకడు తిట్టాడు, ఇంకొకడు తిడుతూనే రెండోది కూడా కొన్నానన్నాడు. నా చెవిలో కొత్త పని ఊదాలంటే నాలాంటిదే ఇంకొకటి ఉండాలి మరి. వంశం అలాంటిది! శేషగిరి అన్నం తింటూ చదివాడు, స్నానానికి నీళ్ళు తోడుతూ చదివాడు. మందాకిని ఉండబట్టలేక, "మా నాన్నగారు మిమ్మల్ని కూడా ఇంత ఆరా తియ్యలేదండీ!" అంది.

ఇంత తపస్సూ చేసి, చివరికి రేడియో సామాన్ల కొట్టుకి వెళ్ళి, అందరికంటే చవకైన నన్నే తీసుకున్నాడు.

"పనిచేస్తుందా అండీ?" అని అడిగాడు.

"భలేవారే! చెయ్యకపోతే పట్టుకొచ్చెయ్యండి, ఇంకోటిస్తాను. అదీ చెయ్యకపోతే ఇంక మన అదృష్టం," అన్నాడు కొట్టాయన. నా గురించి నిజం చెప్పిన మొదటి మనిషి.

ఆదివారం నన్ను కంప్యూటర్లో గుచ్చాడు. తెర మీద నా హెచ్చరిక పడింది. 'దాన్ని పట్టించుకోవద్దు' అని ఎక్కడో చదివాడు కాబట్టి పట్టించుకోలేదు. నేను నా ధోరణిలో గడగడా వాగాను. చిప్పు పలకలేదు. తీగ మార్చాడు, చిప్పు మార్చాడు, పక్కింటివాళ్ళ లాప్‌టాప్ తెచ్చాడు. పలకలేదు. "చవకబారు వెధవ!" అని నన్ను తిట్టాడు. రోషం వచ్చింది గానీ, కాదని ఏ మొహం పెట్టుకుని అనను?

మధ్యాహ్నం దాటింది. తెల్లారితే వరహాలమ్మ వచ్చేస్తుంది. ఆ చిరాకంతా గొంతులో పెట్టుకుని వసారాలోకి ఒక్క కేక వేశాడు.

"అమ్మా! కందిపప్పుకెన్ని విజిల్సు రానిస్తావూ?"

ఆవిడ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎందుకురా అలా అరుస్తావు?"

"నీకు వినపడదని!"

"అరిస్తే వినపడుతుందని ఎవడు చెప్పాడ్రా నీకు? అరిచావంటే మాటలన్నీ ఒకదాని మీదొకటి పడిపోతాయి. మెల్లిగా, ఒక్కో మాటా చెప్పు. నాకు చెవుడు గానీ, తెలివితక్కువ కాదురా."

శేషగిరి తెర మీది నా హెచ్చరిక వైపు చూశాడు, నన్ను చూశాడు. ఏమీ ఊదని కొత్త చిప్పు నిదానంగానే వింటుంది. నేనేమో సంతలో వేలంపాట పాడినట్టు వాగుతున్నాను. గబగబా చిన్న రాగి తీగ తీసి వేగం తగ్గించే నా రెండు కన్నాలనూ కలిపి అతికించాడు. నా నోటికి కళ్ళెం పడింది. జీవితంలో మొదటిసారి ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాను. చిప్పు పలికింది! మా వాడు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. తల్లి చెప్పిన మాట చిప్పుకి అన్వయించాడే గానీ, తల్లికి అన్వయించాలని తట్టలేదు. మనుషులు నాకంటే ఖరీదైనవాళ్ళు కదా, వాళ్ళకు హెచ్చరికలు కూడా పడవు.

సోమవారం పొద్దున కుక్కర్ మూడు విజిల్సు వేసింది, ఎర్ర దీపాలు మూడూ వెలిగాయి, ఆవిడ పొయ్యి కట్టేసింది. వంటకని వచ్చిన వరహాలమ్మ పప్పన్నం తిని, ఆవకాయ కూడా కొంచెం అడిగి పట్టుకెళ్ళింది. నా పని తీరింది. హాల్లో టీవీ కింద డ్రాయరు సగం తెరిచి నన్ను పడేశారు.

సాయంత్రం శేషగిరి గుమ్మంలోంచే, "అమ్మా! దీపాలు బాగున్నాయా!" అని మళ్ళీ అరిచాడు.

మందాకిని చేతిలో దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టింది. "ఏవండీ, ఆ చిప్పుతో మాట్లాడినంత నిదానంగా అత్తయ్యగారితో మాట్లాడలేరా?"

ఆయన మొహం చిన్నబోయింది. తల్లి ఎదురుగా కూర్చుని, మెల్లిగా అడిగాడు. ఆవిడ బాగున్నాయంది. ఇంకేం చెప్పాలో తోచక, "మందాకినికి బడిలో తనిఖీ ఉందట. హెడ్‌మిస్ట్రెస్ కదా, పని ఎక్కువైంది," అన్నాడు.

"అమ్మాయి హెడ్‌మిస్ట్రెస్ అయ్యిందా? ఎప్పుడు?"

"వేసవిలోనే చెప్పాం కదమ్మా. కాజాలు కూడా పంచాం, నువ్వూ తిన్నావు."

"కాజా పెట్టారు, తిన్నాను. మీరంతా నవ్వుతున్నారని నేనూ నవ్వాను. ఎందుకో తెలియలేదురా," అంది ఆవిడ, కోడలి చెయ్యి దగ్గరికి లాక్కుంటూ. "మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కుంటారని అన్నిటికీ తలూపేస్తుంటాను."

డ్రాయర్లో ఉన్న నాకే సిగ్గేసింది, వాళ్ళ సంగతి చెప్పేదేముంది. శేషగిరి కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని, వేసవి నుంచి జరిగినవన్నీ ఒక్కో మాటా చెప్పడం మొదలుపెట్టాడు.