ఫోను పట్టే మనిషి

ఫోను పట్టుకుని నిలబడడం కూడా ఇంటిపనేనని బేబీరాణికి పెళ్ళైన ఇన్నేళ్ళకి తెలిసింది. తెల్లారకుండా జంగ్లీఘాట్ రేవులో చేపల పెట్టెలకి ఐసు కొట్టి, ఇంటికొచ్చి వంట చేసి, అత్తగారికి నీళ్ళు తోడి, ఆ తర్వాత పెరట్లో రేకుల షెడ్డు కింద మొగుడు బరువులెత్తుతుంటే ఎదురుగా ఫోను పట్టుకుని బొమ్మలా నిలబడాలి. మొదట్లో స్టాండు కొన్నాడు. ఓ రోజు ఒళ్ళుమండి దాన్ని తన్నితే రెండు ముక్కలైంది. "స్టాండు కంటే నువ్వే నయం. విరగవు," అన్నాడు చక్రి, అదేదో మెచ్చుకోలైనట్టు.

చక్రి ఫీనిక్స్ బేలో బోటు మీద పనిచేస్తాడు. వచ్చే నెల బరువులెత్తే పోటీలకి పేరిచ్చాడు. నేర్పేవాడిని పెట్టుకునే బదులు ఫోనులో యాప్ పెట్టుకున్నాడు. కెమెరాలోంచి చూస్తూ అదే తప్పులు చెబుతుంది. హిందీలో, ఆడగొంతుతో, ఎంతో మర్యాదగా. "కోహనీ సీధీ నహీ హుయీ. యే రెప్ గిన్తీ మే నహీ ఆయా." మోచెయ్యి పూర్తిగా చాచలేదట, ఎత్తింది లెక్కలోకి రాదట. చక్రి చెమటలు కక్కుతూ "సారీ మేడమ్" అంటాడు. కూరలో ఉప్పు తగ్గితే కంచం విసిరికొట్టే మనిషి, ఫోనుకి సారీ చెబుతాడు! మొదటిసారి విన్నప్పుడు బేబీరాణికి నవ్వాగలేదు. ఆ నవ్వు చక్రి చూశాడు.

అక్కణ్ణుంచి మొదలైంది. మేడమ్ తప్పు చెప్పినప్పుడల్లా బేబీరాణికి దెబ్బ. "నువ్వు వంకరగా పట్టుకుంటే దానికి నా చెయ్యి వంకరగా కనిపించదా?" అని ఓసారి. "నా వెనకాల నువ్వూ అదీ కలిసి నవ్వుకుంటన్నారా?" అని ఇంకోసారి. మేడమ్‌ని కొట్టలేడు కదా, ఫోను పగిలిపోతుంది. జబ్బల మీద, వీపు మీద, ఓసారి అక్కడున్న ఇనప రాడ్డుతో పిక్కల మీద. దెబ్బలు తిన్న చేతులు మర్నాడు వణికేవి. చేతులు వణికితే ఫోను కదిలేది. కదిలితే "కెమెరా హిల్ రహా హై" అని మేడమ్ మళ్ళీ అంతే మర్యాదగా చెప్పేది. ఇంకేముంది, మళ్ళీ దెబ్బలు. షెడ్డులో చప్పుడు మొదలవగానే ముందుగదిలో అత్త గురువమ్మ టీవీ సౌండు పెంచేది. "మగోడు అంత కట్టపడతన్నాడు. నువ్వు కూసింత తిన్నగా నిలబడితే నీ సొమ్మేటి పోద్దే?" అనేది అన్నం తింటూ.

పోయిన వారం చెంప మీద కొట్టిన దెబ్బకి ఎడమ చెవిలోంచి నెత్తురొచ్చింది. జారిపడ్డానని చెప్పింది ఆస్పత్రిలో. డాక్టరమ్మ లైటు వేసి చూసి, ఆ మాట విననట్టే, "పర్దా ఫట్ గయా హై, దీదీ. చెవి లోపలి పొర చిరిగింది. దానంతటది అతుక్కోవచ్చు. ఇంకో దెబ్బ తగిలిందా, ఈ చెవి మీద ఆశ వదులుకోండి," అంది. అప్పట్నుంచి ఫోను పట్టుకుని నిలబడ్డప్పుడల్లా బేబీరాణికి ఆ మాటే. మొగుడి మోచెయ్యి వేలెడు వంగితే కనిపెట్టే ఈ కళ్ళకి, ఫోను వెనకాల వాచిన మొహంతో నిలబడ్డ మనిషి ఎందుకు కనిపించదు? కనిపిస్తే మాత్రం ఏం చేస్తుంది, ఇంట్లో ఉన్న కళ్ళకి కనిపించడం లేదా? రేవులో ఆడవాళ్ళకి కనిపించడం లేదా? అందరికీ తెలుసు. అందరూ తిన్నగా నిలబడమనేవాళ్ళే. ఈ చెవి పోతే మళ్ళీ రాదు. ఒక్క చెవి. దాన్ని కాపాడుకోవడం కూడా చేతకాకపోతే ఈ ఒళ్ళు తనదని ఏ మొహంతో అనుకోవాలి?

ఆదివారం మేడమ్ బరువు పెంచమంది. పెంచేముందు, సాయానికి పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగింది. చక్రి "హా" నొక్కాడు. అబద్ధం కాదు, మనిషి ఉంది. రెండు చేతులా ఫోను పట్టుకుని ఉంది. ప్లేట్లు జారిపోకుండా రాడ్డుకి రెండువైపులా నట్లు బిగించి, బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు. రెండుసార్లు ఎత్తాడు. మూడోసారి సగంలో ఆగిపోయింది. చేతులు వణికాయి, ఈసారి అతనివి. రాడ్డు ధన్‌మని గుండెల మీద పడి, పొట్ట మీదకి దొర్లి అక్కడ కూర్చుంది. అటూ ఇటూ కదల్లేడు. ఊపిరైతే ఆడుతోంది.

బేబీరాణి ఫోను కింద పడేసి పరిగెత్తింది. రాడ్డు కొస రెండు చేతులా పట్టుకుంది కూడా. పళ్ళు బిగించి చక్రి అన్నాడు: "వంకరగా పట్టావ్ కదే, లంజా! లేవనీ, రెండో చెవి కూడా పగలగొడతాను!"

ఆమె చేతులు తీసేసింది.

కిందపడ్డ ఫోను "అబ్ ఆరామ్ కీజియే" అని, ఇక విశ్రాంతి తీసుకోమంటోంది. బేబీరాణి ముందుగదిలోకి వెళ్ళి టీవీ కట్టేసింది. "అత్తా, మీ కొడుకు రాడ్డు కింద ఇరుక్కున్నాడు. రండి."

గురువమ్మ వచ్చి చూసి గొల్లుమంది. "ఓలమ్మో, నా కొడుకు! సూస్తూ నిలబడ్డావేటే, లెగదీయ్!"

"ఈ నట్టు విప్పి ప్లేట్లు లాగేస్తే చాలు, రాడ్డు అటు ఒరిగిపోద్ది. లెగుస్తాడు. లేచి నన్ను కొడతాడు. మీరు ఆపుతారా?"

గురువమ్మ కొడుకు వంక చూసింది, కోడలి చెవిలో దూది వంక చూసింది. "నాను ఆపలేనే," అంది. "ఆళ్ళ బాబునే ఆపలేకపోనాను."

"అయితే నేను గేటు దాటాక విప్పండి. చౌల్దారీలో మా కామమ్మ పిన్ని దగ్గరికి పోతన్నాను. మళ్ళీ రాను."

లోపలికెళ్ళి ఆస్పత్రి చీటీ, రెండు చీరలు సంచిలో వేసుకుంది. చెప్పులేసుకుని బయటికొచ్చేసరికి గురువమ్మ చెయ్యి నట్టు మీద ఉంది. చక్రి గొంతు చించుకుంటున్నాడు. "విప్పమ్మా, జల్దీ! పారిపోతంది! దాన్ని ఈ రోజు చంపేస్తాను!"

గురువమ్మ నట్టు మీంచి చెయ్యి తీసేసింది. పక్కనున్న బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని, చీరకుచ్చిళ్ళు సర్దుకుంది. కోడలి వైపు చూడకుండానే అంది:

"ఎల్లు. మెల్లిగానే ఎల్లు. నాకేటీ తొందర్లేదు."