గ్యాస్ ఎక్కేదాకా

బంద్ రోజున షట్టర్ ఎత్తినవాడి గతి ఏమవుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఎల్బీనగర్‌లో షట్టర్లు దింపించే గుంపును నడిపించేది మా అన్న బిక్షపతే. దిల్‌సుఖ్‌నగర్‌లో తన చీరల దుకాణం మూసి, భుజాన జెండా వేసుకుని, పొద్దున్నే బయల్దేరతాడు.

సకల జనుల సమ్మె జోరుమీదుంది. బొగ్గు రాక, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. నేనూ పోచంపల్లి మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణే, దీక్షా శిబిరంలో కూర్చున్నవాణ్ణే. బంద్ నాడు బండ్ల ఏసీలు బాగుచేసే నా షెడ్డు మూసుకుని హాయిగా పడుకోవలసినవాణ్ణి. అలా పడుకోబోతుంటే బాపిరాజు వెనక తలుపు తట్టాడు.

బాపిరాజుది భీమవరం వైపు. చేపల చెరువులకు మందులు అమ్ముతాడు. మా వెనక వీధిలోనే ఇల్లు. భుజం మీద ఆరేళ్ళ కూతురు అమల, వెనకాలే తడి తువ్వాళ్ళ బకెట్‌తో భార్య ఉదయలక్ష్మి.

ఆ పిల్లకు పుట్టుకతోనే చెమట పట్టదు. ఉక్కపోస్తే మనకు చొక్కా తడుస్తుంది, ఆ పిల్లకు ఒళ్ళు కాగిపోతుంది. ఒకసారి అలా కాగే ఫిట్స్ వచ్చి చావు తప్పింది. ఆ పిల్ల కోసమే బాపిరాజు ఏసీ ఉన్న రెండు వరసల సీట్ల పికప్ కొన్నాడు. వెనక సరుకు, ముందు సంసారం. ఆ బండి కంప్రెసర్ పట్టేసి నిన్నటినుంచి నా షెడ్డులోనే ఉంది. కొత్తది దిల్‌సుఖ్‌నగర్ నుంచి తెచ్చి పెట్టాను, బంద్ అయ్యాక బిగిద్దామని.

"తెల్లారుజాము నుంచీ కరెంటు లేదు ఉపేందర్. తడిగుడ్డ వేసిన నిమిషానికే వేడెక్కిపోతోంది. మలక్‌పేట ఆసుపత్రికి వెళదామంటే రోడ్డంతా మూసేశారు. ఆ ఏసీ ఒక్కటి పనిచేయించు బాబూ, దాంట్లో పడుకోబెట్టుకుంటాం," అన్నాడు.

"గిప్పుడా సార్? సప్పుడు ఇనవడితే మా అన్న ముందుగాల నన్నే కొడ్తడు," అన్నాను. అంటూనే పిల్ల మెడ మీద చెయ్యి వేశాను. పెనంలా కాలుతోంది. పానా అందుకున్నాను.

షట్టర్ దించే ఉంచి పని మొదలుపెట్టాను. పైపుల్లో మిగిలిన గ్యాస్‌ను బుస్సుమనకుండా కొంచెం కొంచెంగా వదిలాను. బెల్టు తీశాను, పాత కంప్రెసర్ దించాను. పానా చేతిలోంచి జారి ఠంగుమని నేలమీద పడితే ముగ్గురం ఊపిరి బిగబట్టి షట్టర్ వైపు చూశాం. బయట ఎవరో దగ్గి వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని, ఆ రోజు దొంగతనంలా ఉంది.

కొత్తది బిగించాక పైపుల్లోని గాలీ తేమా పంపుతో లాగెయ్యాలి. షెడ్డులో ఉన్నది చిన్న ఇన్వర్టర్. దాని మీద పిల్లకు ఫ్యాన్ తిరుగుతోంది. రెండింటినీ మొయ్యలేదు.

"ఫ్యాన్ బంజెయ్యాలె సార్."

"పంపు మానెయ్యకూడదా?"

"మానేస్తే సల్లగ కాదు. చేసినదంతా దండుగ."

ఫ్యాన్ ఆపాను. పంపు గురగురమంటుంటే ఉదయలక్ష్మి బకెట్‌లో గుడ్డలు ముంచుతూ, పిండుతూ, పిల్లను పలకరిస్తూనే ఉంది. మొదట "ఊఁ" అన్న పిల్ల తర్వాత అనడం మానేసింది.

ఇక గ్యాస్ ఎక్కించాలి. గ్యాస్ ఎక్కాలంటే ఇంజిన్ నడవాలి. సరిగ్గా అప్పుడే దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి డప్పులు వినిపించాయి.

"షట్టర్ వేసే స్టార్ట్ చేద్దాం," అన్నాడు బాపిరాజు.

"పొగకు మనందరం పోతం సార్. జర ఆగుదాం, ఆళ్ళు దాటిపోనీ."

"ఆగలేం అన్నయ్యా!" ఉదయలక్ష్మి గొంతు కీచుగా వచ్చింది. "కళ్ళు తేలేస్తోంది!"

వెళ్ళి షట్టర్ పైదాకా ఎత్తేశాను. ఉదయలక్ష్మి పిల్లను ఒళ్ళో వేసుకుని బండిలో కూర్చుంది, బాపిరాజు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. బండి వెనక భాగం రోడ్డు వైపే ఉంది. నంబరు ఏపీ ముప్ఫై ఏడు. గోదావరి బండి అని చిన్న పిల్లాడైనా చెబుతాడు.

గ్యాస్ డబ్బా నిలువుగా పట్టుకుని మెల్లగా వదులుతున్నాను. తొందరపడితే కొత్త కంప్రెసర్ కూడా పోతుంది. డప్పులు షెడ్డు ముందుకొచ్చి ఆగిపోయాయి.

బెదిరిపోయిన బాపిరాజు కిందికి దిగి, చెయ్యి పైకెత్తి అరిచాడు.

"జై తెలంగాణ అండీ!"

ఆ 'అండీ' ఒక్కటి చాలు. కర్ర బండి వెనక తలుపు మీద పడింది. మరొకడు బాపిరాజు కాలర్ పట్టుకున్నాడు. మా అన్న నా దగ్గరికొచ్చాడు. మొహం నల్లగా మాడిపోయి ఉంది.

"నా తమ్మునివై నా ఇజ్జత్ తీస్తవా? ఇంజిన్ బంజెయ్!"

"బంజెయ్య. పిల్ల సస్తదే అన్నా."

"ఉత్త నాటకాలు!" అన్నారెవరో. "తగలబెట్టుర్రి బండిని!"

డబ్బా వదిలెయ్యలేను, పారిపోలేను. అన్న నన్ను నెట్టేసి బండి తలుపు లాగాడు. తిట్టడానికి నోరు తెరిచి, పిల్లను చూసి, నుదుటి మీద చెయ్యి పెట్టాడు. నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"గింత కాలుతుంది, చెమటేదిరా?"

"రాదన్నా. పుట్టుకతోనే గంతే."

అన్న తలుపు మెల్లగా వేశాడు. వెళ్ళి బాపిరాజు కాలర్ మీద చెయ్యి విడిపించి, షట్టర్ కింద అడ్డంగా నిలబడ్డాడు. వీపు మాకు, మొహం వాళ్ళకు.

"పోదాం పాండ్రి," అన్నాడు. ఎవరూ కదల్లేదు.

"నీ తమ్ముడనేనా?" అని ఒకడు అడిగాడు. ఎక్కడినుంచో ఒక రాయి వచ్చి అన్న భుజానికి తగిలింది. అయినా జరగలేదు. వెనక్కి కట్టుకున్న చేతుల వేళ్ళను మాత్రం విరిగిపోయేంతగా నలుపుకుంటున్నాడు. పొద్దుటినుంచీ నేను భయపడింది ఈ మనిషికే.

డబ్బా ఖాళీ అయ్యింది. లోపల గాలి మారింది. చాలాసేపటికి పిల్ల గొంతు వినిపించింది.

"అమ్మా... చలేస్తోంది."

ఉదయలక్ష్మి భోరున ఏడ్చేసింది. ఆ ఏడుపు విని ఏమనుకున్నాడో, అన్న అటే చూస్తూ అడిగాడు.

"ఉపేందరా, పిల్ల ఉన్నదారా?"

"ఉన్నదన్నా. మంచిగనే ఉన్నది."

అన్న తల ఊపాడు. ఇటు మాత్రం తిరగలేదు. తిరిగితే వాళ్ళు లోపలికి వస్తారని ఆయనకూ భయమే.